అమ్మవారి ముక్కు చిట్లకుండా: మా చేతి ప్రెస్సు మరమ్మతు, ఎనిమిది నెలల తర్వాత

నెల్లూరు ఆచారి వీధిలో మేడ మీద ఒక గదిలో మా పని. నేనూ, మా చిన్నోడూ, సీజన్లో ఇంకో పనివాడూ. లక్ష్మీ రూపులు, కాసులపేరు కాసులు, తాళిబొట్లు అచ్చు కొట్టి షాపులవాళ్లకి ఇస్తాం. కరెంటు ప్రెస్సు లేదు, పెట్టే ఉద్దేశమూ లేదు. చేత్తో తిప్పే ఫ్లై ప్రెస్సు ఒక్కటే ఉంది. సీ అక్షరంలాంటి పోతఇనుప బాడీ, మధ్యలో లావు మరల స్క్రూ, పైన అడ్డంగా ఇనుప చెయ్యి, దాని చివర గుండు. గుండు పట్టుకుని ఒక విసురు విసిరితే స్క్రూ తిరుగుతుంది, కింద రామ్ (పై అచ్చు బిగించే ఇనుప దిమ్మె) దిగుతుంది, రేకు మీద బొమ్మ పడుతుంది. ఈ ప్రెస్సుని ఆటోనగర్లో ఒక లేత్ షాపులో బాగు చేయించి ఎనిమిది నెలలైంది. ఏం చేశారు, ఎంతయింది అని తోటి పనివాళ్లు ఇద్దరు ముగ్గురు అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పేకన్నా రాసేస్తే నయమనిపించింది.

రెండేళ్ల కిందట మద్రాసులో పాత మిషన్లు అమ్మే ఒకాయన దగ్గర దీన్ని తొమ్మిది వేలకి కొన్నా. ఆకుపచ్చ రంగు తాజాగా కొట్టి, స్క్రూకి గ్రీజు దట్టించి, "కొత్తదే లెక్క సార్" అన్నాడు. గుండు తిప్పి చూశా, హాయిగా తిరిగింది. అంత హాయిగా తిరుగుతోందంటే లోపల అరిగిపోయిందని నాకప్పుడు తట్టలేదు.

రూపు కొట్టాలంటే రెండు అచ్చులు కావాలి. కింది దాంట్లో అమ్మవారి బొమ్మ లోతుగా ఉంటుంది, పై దాంట్లో అదే బొమ్మ ఎత్తుగా ఉంటుంది. రెండూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. వెంట్రుకవాసి పక్కకి జరిగినా బొమ్మ ఎత్తుగా లేచే చోట రేకు చిట్లుతుంది. మాకు ముక్కు దగ్గర చిట్లేది. పదింట్లో మూడు పోయేవి. ముక్కు చిట్లిన లక్ష్మిని వరలక్ష్మీ వ్రతానికి ఎవరు కొంటారు? కరిగించాల్సిందే. కరిగించిన ప్రతిసారీ కొంత తరుగు పోతుంది, మళ్లీ రేకు తీయాలి, అది మెత్తబడేలా మళ్లీ కాల్చాలి. మజూరీ మాత్రం ఒక్కసారే ఇస్తారు.

కాసులది ఇంకో బాధ. రేకు పట్టీ మీద వరసగా బొమ్మలు కొట్టి, తర్వాత కటింగ్ డైతో (పైనుంచి దిగే పంచ్, కింద అది దూరే రంధ్రం) గుండ్రంగా కోస్తాం. చుట్టూ ఉండే పూసల అంచు ఒక పక్క నిండుగా ఉంటే ఇంకో పక్క సగం తెగిపోయేది. మా నెల్లూరు దగ్గరే 1786లో ఒక రైతు నాగలికి పాత గుడి శిథిలం తగిలి, అక్కడ కుండలో రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి. ఆ కాలంలో నాణేలు సుత్తితో కొట్టేవాళ్లు కాబట్టి చక్రవర్తి తల ఒక పక్కకి జరిగిపోయినవి కూడా ఉంటాయి. వాటిని మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెడతారు. నా కాసు అర మిల్లీ జరిగితే షాపు గుమాస్తా పొట్లంతో సహా వెనక్కి తోసేస్తాడు.

మొదట అచ్చుల్ని అనుమానించా. కొత్త జత చెక్కించా, డబ్బు దండగ. తర్వాత రేకుని అనుమానించా. 14 మిల్లీల కాసు 0.2 మందం రేకులో కొడితే 22 క్యారెట్లలో అర గ్రాము పైచిలుకు తూగుతుంది. రేకు మందం వందో వంతు మిల్లీ తేడా వచ్చినా అరవై కాసులకి గ్రామున్నర దాటుతుంది కాబట్టి మైక్రోమీటరుతో చూసుకోవడం నాకు మామూలే. రేకు సరిగ్గానే ఉంది. కాల్చడంలో లోపమేమోనని ఇంకాస్త ఎర్రగా కాల్చి చూశా. ముక్కు చిట్లుతూనే ఉంది.

చివరికి మా చిన్నోడు, ఐటీఐలో ఫిట్టరు చదివాడు వాడు, ఎవరిదో డయల్ గేజ్, అంటే సన్న కదలికని ముల్లు తిప్పి చూపే కొలత గడియారం, అడిగి తెచ్చాడు. గేజ్ మొన రామ్‌కి ఆనించి, రామ్‌ని చేత్తో అటూ ఇటూ నెట్టాడు. ముల్లు 35 గీతలు తిరిగింది. ఒక్కో గీత మిల్లీలో వందో వంతు. మా కటింగ్ డైలో పంచ్‌కీ రంధ్రానికీ మధ్య ఒక్కో పక్క వదలాల్సిన సందు రేకు మందంలో ఇరవయ్యో వంతు, అంటే ఒక్క గీత. ఒక్క గీత సందులోకి దిగాల్సిన పంచ్ 35 గీతలు ఊగుతోంది. డై అంచులు ఎందుకు రాలుతున్నాయో, వారానికోసారి ఎందుకు సాన పట్టించాల్సి వస్తోందో అప్పుడు అర్థమైంది. "నాన్నా, ఇన్నాళ్లూ మనం అచ్చుని తిట్టుకున్నాం" అన్నాడు వాడు.

ఆటోనగర్ షాపుకి బోర్డు లేదు. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. ప్రెస్సు ఆటోలోంచి దించగానే కింద పాదాలు చూసి, "ఏంది సామీ, దీన్ని చెక్క బల్ల మీద పెట్టి కొడతా ఉండారా?" అన్నాడు. ఆశ్చర్యపోయా. బోల్టు రంధ్రాలు కోలగా సాగి ఉన్నాయి, చూడండి అని చూపించాడు. గుండు విసిరినప్పుడల్లా బల్లతో పాటు మిషనూ మెలి తిరిగేదన్నమాట.

స్పానరు పట్టకముందే ఒక పరీక్ష చేశాడు. తెల్ల కాగితం మీద కార్బన్ పేపరు వేసి, నున్నటి ఇనుప దిమ్మెని రామ్ కింద పెట్టి మెల్లగా నొక్కాడు. కాగితం మీద ఎడమ పక్క నల్లగా, కుడి పక్క పల్చగా పడింది. ఇంకో కాగితం పెట్టి గట్టిగా విసిరాడు. ఈసారి నలుపు వెనక్కి జరిగింది. మొదటిది వంకర, దాన్ని తీసేయొచ్చన్నాడు. రెండోది సీ బాడీ స్వభావం, గట్టి దెబ్బకి దాని నోరు కాస్త తెరుచుకుంటుంది, అది పూర్తిగా పోదు. అచ్చుని సరిగ్గా స్క్రూ నడిమధ్య కింద పెట్టుకోవాలి, అవసరానికి మించి విసరకూడదు, అంతే. ఈ రెండు కాగితాల పరీక్షకి ఖర్చు లేదు. పాత ప్రెస్సు కొనబోయేవాళ్లు జేబులో కార్బన్ పేపరు పెట్టుకుని వెళ్లండి. నేను వెళ్లలేదు.

పనిలో ఎక్కువ భాగం రామ్ జారే గాడికే పట్టింది. గాడి కింది సగంలో బాగా అరిగింది. బ్లూ (ఎత్తులు ఎక్కడున్నాయో చూపే నీలం రంగు) పూయడం, రామ్ జార్చి చూడడం, రంగు అంటిన ఎత్తుల్ని చేతి స్క్రేపరుతో గీకడం, మళ్లీ పూయడం. మూడు రోజులు ఇదే. తర్వాత గన్‌మెటల్‌తో కొత్త జిబ్బు పట్టీ (గాడిలో వదులు సరిచేసే సన్నటి పట్టీ) చేసి, వెనక బిగించుకునే స్క్రూలకి లాక్ నట్లు పెట్టాడు. చివరికి మూడు గీతల దగ్గర ఆపాడు. సున్నా చేయొచ్చు కదా అన్నా. నూనె నిలబడడానికి చోటు ఉండాలి, లేకపోతే నాలుగు దెబ్బలకే పట్టేస్తుందన్నాడు. కింది పీటని రామ్‌కి చదరంగా గ్రైండింగ్ పట్టించాడు.

నేనెప్పుడూ గమనించనిది ఇంకోటి చూపించాడు. పై అచ్చు కాడ దూరే రంధ్రం 25 మిల్లీలు ఉండాల్సింది సాగి పెద్దదైంది. పక్క నుంచి స్క్రూ బిగించినప్పుడల్లా ఆ స్క్రూయే కాడని అవతలి పక్కకి నెట్టేస్తోంది. అంటే అరగంట కూర్చుని అచ్చులు సరిగ్గా పెట్టుకుని, చివర్లో బిగించేటప్పుడు నేనే చెడగొట్టుకుంటున్నా. రంధ్రం పెద్దది చేసి బుష్ (లోపల కూర్చునే గొట్టం) దిగ్గొట్టాడు, ఇప్పుడు కాడ చుట్టూ ఒకేలా బిగుసుకుంటుంది.

స్క్రూ మరలు కూడా వదులుగా ఉన్నాయి, మార్చమని నేను పట్టుబట్టా. ఒప్పుకోలేదు. "ఆ వదులు కిందికీ పైకీ సామీ, పక్కకి కాదు. దెబ్బ పడేటప్పుడు మర ఒక పక్కకే ఆనుకుంటది. దానికి డబ్బులెందుకు?" డబ్బులొస్తాయంటే వద్దనే మేస్త్రిని ఈ ఊళ్లో ఈయన్నొక్కణ్ణే చూశా. ఇంకో సంగతి. రామ్ విప్పి గ్రీజు తుడిచిన గుడ్డలన్నీ ఒక కవర్లో కట్టి నా చేతిలో పెట్టాడు. "మీ బంగారం పొడి ఉంటది ఇందులో." ఉంది కూడా. మేడ మీద ప్రెస్సు లేపినప్పుడు కింద ఊడ్చిన ధూళితో కలిపి కరిగించుకున్నాం.

అసలు మంచి సలహా పిల్లర్ సెట్. రెండు ఇనుప పలకలు, వాటి మధ్య రెండు నున్నటి స్తంభాలు, పై పలకలో స్తంభాలు జారే బుష్‌లు. అచ్చులు ఈ పలకలకి బిగించేస్తే ఇక ఒకదానికొకటి ఎదురుగానే ఉంటాయి. రామ్‌కి తగిలించక్కర్లేదు, పై పలక నెత్తిన ఉన్న గుండ్రటి బొడిపె మీద కొడితే చాలు. దారి స్తంభాలది, దెబ్బ మాత్రమే ప్రెస్సుది. అలాంటప్పుడు గాడి మరమ్మతు ఎందుకు చేయించావు అని కాస్త కోపంగానే అడిగా. రామ్ వంకరగా దిగితే ఆరు నెలల్లో ఆ బుష్‌లు తింటుందన్నాడు. రూపుకి ఒకటి, కాసు కటింగ్‌కి ఒకటి చేయించా. చిన్న తాళిబొట్లకి అక్కర్లేదు, లోతు తక్కువ.

మా నాన్న కాలంలో పై అచ్చే ఉండేది కాదు. కింది అచ్చు మీద రేకు, దాని మీద తోలు ముక్క, ఆపైన సీసం ముద్ద, సుత్తి దెబ్బ. సీసం మెత్తన కాబట్టి రేకుని లోతుల్లోకి అదే నెట్టేది, రెండు అచ్చులు కలవాలన్న బెంగే లేదు. కానీ సీసం పిసరంత అంటుకున్నా కరిగించినప్పుడు బంగారం పెళుసెక్కుతుంది, తోలు అందుకే. ఇప్పుడు పల్చటి బొమ్మలకి నేను సీసం బదులు రబ్బరులాంటి పాలీయురేథేన్ ముక్క వాడుతున్నా. రూపుకి మాత్రం అది చాలదు, కిరీటం గీతలు మొద్దుబారతాయి.

బల్ల సంగతి. మేడ మీద గది కాబట్టి సిమెంటు దిమ్మె కట్టలేం. మూల గోడకి ఆనించి ఇనుప స్టాండు పెట్టించి, నేలకీ గోడకీ బోల్టులేశాం. ఇనుప చెయ్యి విసురు మొదలయ్యే చోట గోడకి ఒక మేకులాంటి ఆపు పెట్టాం. చేతి వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలవుతుంది, అందుకని ఎవరు కొట్టినా ఒకే చోటి నుంచి విసరాలి. అయినా పనివాడి దెబ్బ నా దెబ్బ ఒకటి కావు. రూపులు నేనే కొడతా.

మరమ్మతుకి 6,800, పిల్లర్ సెట్లు రెండింటికి 8,000. ఇంట్లో ఆమె లెక్క చూసి, తొమ్మిది వేల మిషన్‌కి పద్నాలుగు వేల ఎనిమిది వందల వైద్యమా అంది. శ్రావణంలో 212 రూపులు కొట్టాం, అయిదు పోయాయి. అందులో రెండు నేను రేకు సరిగ్గా కాల్చక పోగొట్టినవే. కటింగ్ డైకి ఈ ఎనిమిది నెలల్లో ఒక్కసారి సాన పట్టించాం. మొన్న మళ్లీ గేజ్ పెడితే అయిదు గీతలు చూపించింది, జిబ్బు స్క్రూలు కాస్త బిగిస్తే మూడుకి వచ్చింది. పది నిమిషాల పని.

ఇక నచ్చనివి. అయిదు రోజులన్నాడు, పదిహేడు రోజులు పట్టింది. ఆషాఢంలో రోజూ "రేపు" అంటూ నన్ను తిప్పాడు. చివరి వారం నాకు నిద్ర పట్టలేదు, షాపులవాళ్ల ఫోన్లు ఎత్తడం మానేశా. బిల్లు అడిగితే చీటీ వెనకాల అంకెలు రాసిచ్చాడు. చెప్పకుండా నీలం రంగు కొట్టి, నూనె పోసే రంధ్రం కూడా రంగుతో మూసేశాడు, సూదితో పొడిచి తెరవాల్సి వచ్చింది. రామ్ మరీ లోతుకి దిగకుండా ఆపే కాలరు స్క్రూ రెండుసార్లు వదులైంది, కింద చిన్న రాగి ముక్క పెట్టుకున్నాక నిలిచింది. అయిదుకి నాలుగు ఇస్తున్నా. ఆ ఒక్కటి ఎక్కువ పట్టిన పన్నెండు రోజులకి పోయింది.

వెళ్లేవాళ్లు ఆషాఢంలో వెళ్లకండి, సంక్రాంతి అయ్యాక వెళ్లండి. రామ్, స్క్రూ మాత్రమే విప్పి తీసుకెళ్తే చేయడు, బాడీ కూడా కావాలంటాడు. నలుగురు పడితేగానీ లేవదు, ఆటో ముందే మాట్లాడుకోండి. మీ అచ్చుల జత కూడా పట్టుకెళ్లి, రాగి రేకు మీద అక్కడే పది కొట్టించి, భూతద్దం పెట్టి చూసుకున్నాకే డబ్బులివ్వండి.