తిరుపతిలో ‘ముల్లార్డ్ మ్యాచ్‌డ్ జత’ కొనేవాళ్లు జాగ్రత్త

పాత వాల్వు ఆంప్లిఫయర్లు (ఆంప్లు) బాగుచేసుకునే తిరుపతి, చిత్తూరు వాళ్లకి ఈ వాల్వులమ్మే ఆయనెవరో చెప్పక్కర్లేదు. పేరు రాయను. పాత బ్రిటిష్ కంపెనీ ముల్లార్డ్ ముద్రున్న ఈఎల్84 వాల్వులు (సౌండు పెంచే గాజుగొట్టాలు) రెంటికి రబ్బరు బ్యాండు చుట్టి, ‘మ్యాచ్‌డ్ జత’, అంటే రెండూ ఒకే కరెంటు లాగేవి, అని నా దగ్గర 5,600 రూపాయలు తీసుకున్నాడు. మ్యాచింగ్ అంటే ఆ రబ్బరు బ్యాండే కాబోలు.

నాది పుష్‌పుల్ ఆంప్ (రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేసేది), వాల్వుకొక 270 ఓమ్‌ల క్యాథోడ్ రెసిస్టర్, వాల్వు కరెంటు దాంట్లోంచే పోతుంది. రెసిస్టర్ మీద కొలిస్తే ఒకపక్క 11.6 వోల్టులు, ఇంకోపక్క 6.5. 270తో భాగిస్తే 43 మిల్లీ ఆంపియర్లు, 24. మంచి జతకి తేడా రెండు మూడు దాటదు. పంతొమ్మిది తేడా వస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కోరు ఒకవైపే అయస్కాంతమై బాస్ చచ్చిపోతుంది, రెండువైపులా కొట్టుకుపోవాల్సిన హమ్ స్పీకర్లో కూర్చుంటుంది.

వెనక్కిద్దామని పోతే మొదటిమాటే, “మీ సెట్టులో లీకుండాది సామీ.” అనుమానం తప్పు కాదు. వాల్వుకి సిగ్నల్ తెచ్చే కప్లింగ్ కెపాసిటర్ లీకైతే, వాల్వు కరెంటుని అదుపుచేసే గ్రిడ్డుకి ప్లస్ వోల్టేజి చేరి కరెంటు పెరుగుతుంది. అందుకే ముందే వాల్వుల్ని సాకెట్లు తారుమారు చేసి చూశా. 11.6 వాల్వు వెంటే పక్క సాకెట్టుకి పోయింది. లీకు సెట్టుదైతే పాత సాకెట్టులోనే ఉండాలి కదా? అంకెలు రాసిన కాగితం చేతికిస్తే తీసుకోలేదు. సోల్డరింగ్ ఐరన్ తుడుచుకుంటా, తలెత్తకుండా అన్నాడు: “హుండీలో ఏసింది యెనక్కి అడగతారా సామీ?” షాపులో ఉన్నోళ్లంతా నవ్వినారు.

ఇంటికొచ్చి గాజు మీద నోటి ఆవిరి ఊదితే, ముల్లార్డ్ ముద్ర పక్కన చెరిపేసిన రష్యన్ అక్షరాల జాడ తేలింది. సోవియట్ 6పీ14పీ. వాల్వుని తిట్టను, ఈఎల్84 బదులు నిక్షేపంగా పనిచేస్తుంది. ముల్లార్డ్ ధరకి కాదు, అదీ జత కలవనివి రెండు తెచ్చి. అసలు ముల్లార్డ్‌కి గాజు అడుగున, పిన్నులకి కాస్త పైన, సన్నగా గీసిన కోడ్ ఉంటుంది. ముద్ర రుద్ది చూసి లాభం లేదు, అసలుదానిదీ పోతుంది. ఇంత తెలిసీ కౌంటర్ దగ్గరే ఊది చూడని నా తెలివికి దండం.

కొనేముందు రెండింటి మిల్లీ ఆంపియర్లు, ఏ ప్లేటు (వాల్వులో కరెంటు చేరే రేకు) వోల్టేజిలో కొలిచారో డబ్బా మీద రాయించుకోండి. గెటర్ (గాజు లోపల వెండిలా మెరిసే పూత) తెల్లబడుంటే లోపలికి గాలి దూరినట్టే, ముట్టుకోవద్దు. ఇంకోటి, స్విచ్ ఆపినా ఫిల్టర్ కెపాసిటర్లలో 300 వోల్టులు నిలిచే ఉండొచ్చు. ఆంప్ అడుగు విప్పితే ఆ వోల్టేజి దించాకే చెయ్యి పెట్టండి.