తిరుపతికి పోస్టింగ్ వచ్చిందా? వీడియో కాల్ చూసి ఇంటికి అడ్వాన్స్ కట్టకండి

ఎన్‌సీసీ యూనిట్లకి పీఐ స్టాఫ్‌గా, అంటే క్యాడెట్లకి శిక్షణ ఇచ్చే ఆర్మీ ఇన్‌స్ట్రక్టర్లుగా, తిరుపతి, చిత్తూరు వస్తున్న ఫౌజీ అన్నదమ్ముల కోసం ఇది రాస్తున్నాను. ఫ్యామిలీని తెచ్చుకునేవాళ్లు మరీ ముఖ్యంగా చదవండి.

నాకు ఆర్డర్ వచ్చేసరికి జమ్మూ వైపు ఫీల్డ్‌లో ఉన్నాను. భార్య, పాప శ్రీకాకుళం దగ్గర మా ఊళ్లో. యూనిట్‌లో తెలుగువాళ్లందరిదీ ఒకటే మాట: “అదృష్టం కొట్టావురా, వెంకన్న పాదాల దగ్గర పోస్టింగ్!” అదృష్టమే, కాదనను. కానీ ఆ పాదాల దగ్గర ఇల్లు వెతుక్కోవడంలో తొందరపడి యాభై వేలకి ఐదొందలు తక్కువ పోగొట్టుకున్నాను.

ముందు ఒక సంగతి. తిరుపతి మిలిటరీ స్టేషన్ కాదు. సికింద్రాబాద్‌లోనో చెన్నైలోనో అయితే క్వార్టర్ లిస్టులో పేరెక్కించుకుని వంతు కోసం ఆగుతాం, కుళాయి కారితే ఎంఈఎస్ (ఆర్మీ ఇంజినీరింగ్ విభాగం) వాళ్లకి కంప్లయింట్ రాస్తాం. ఇక్కడ అవేమీ ఉండవు. బెటాలియన్‌లో ఉన్న కొద్దిమంది ఫౌజీలమూ టూలెట్ బోర్డులు చూసుకుంటూ తిరగాల్సిందే. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) సంగతి కూడా ముందే లెక్కేసుకోండి. విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు వై కేటగిరీ, అక్కడ బేసిక్‌లో 20 శాతం వస్తుంది. తిరుపతి జడ్ కేటగిరీ, 10 శాతమే. నా బేసిక్ 41,600, అంటే చేతికొచ్చేది 4,160. ఏడాది పొడవునా యాత్రికులతో కిటకిటలాడే ఊళ్లో అద్దెలు మాత్రం జడ్ కేటగిరీ చూసి ఆగవు. నేను తీసుకున్న డబుల్ బెడ్‌రూమ్ 11,000.

ఫీల్డ్ నుంచే ఇల్లు మాట్లాడుకుందామని ఆన్‌లైన్ ప్రకటనల్లో కనిపించిన ఓనర్లకి ఫోన్లు మొదలుపెట్టాను. “నమస్తే సార్, ఆర్మీలో చేస్తాను, తిరుపతికి ట్రాన్స్‌ఫర్ అయింది, ఇప్పుడు వచ్చి చూడలేను, అడ్వాన్స్ ఆన్‌లైన్‌లో పంపిస్తాను” అనేవాణ్ణి. సగం మంది మధ్యలోనే పెట్టేశారు. ఒకాయనైతే “ఏమప్పా, పోయిన నెల ఇట్లనే చెప్పి మా బామ్మర్ది అకౌంట్ ఊడ్చినారు, మళ్లీ మొదలుపెట్టినావా?” అని నాలుగు తిట్టి పెట్టేశాడు. సంగతేమిటో తర్వాత తెలిసింది. జవాన్లమని చెప్పి, ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు ఫొటోలు పంపి, “అడ్వాన్స్ వేస్తున్నాం, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి” అంటూ ఓనర్ల డబ్బే లాగేసే ముఠాలు దేశమంతా ఉన్నాయి. వాళ్లు చెప్పే మాటలూ నేను చెప్పే మాటలూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. దొంగ ఫౌజీని నమ్మి దెబ్బతిన్నవాడు అసలు ఫౌజీని ఎందుకు నమ్ముతాడు? ఓనర్లెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట: మీకు డబ్బు రావడానికి స్కానూ అక్కర్లేదు, పిన్నూ అక్కర్లేదు. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అలా ఓనర్లు చీకొట్టేసరికి ఒక బ్రోకర్ చేతిలో పడ్డాను. అలిపిరి వెళ్లే దారికి దగ్గర్లో ఒక సందు, మూడంతస్తుల బిల్డింగ్, కింద ఇల్లు. ఒక సాయంత్రం సిగ్నల్ అందే చోటికి నడిచి వెళ్లి వీడియో కాల్‌లో చూశాను. హాలు, పూజగది, రెండు బెడ్‌రూములు, వంటగదిలో గ్రానైట్ బండ. చివర్లో వెనక తలుపు తీసి ఫోన్ పైకెత్తితే కొండ. ఆ కొండ చూసి పడిపోయాను, నిజం చెప్పాలంటే. ఆ వీడియో ఫొటో ఊరికి పంపిస్తే మా అమ్మ ఫోన్‌కే దండం పెట్టింది. “రేపటికి ఉండదు సార్ ఈ ఇల్లు, ఇంకా ఇద్దరు కాచుకోనుండారు” అన్నాడు బ్రోకర్. టోకెన్ కింద 10,000 పంపేశాను.

నా తొందరకి ఇంకో కారణం పాప చదువు. కేవీ (కేంద్రీయ విద్యాలయం) అడ్మిషన్‌కి గత ఏడేళ్లలో మనం ఎన్నిసార్లు బదిలీ అయ్యామన్నది లెక్కలోకి తీసుకుంటారు, కానీ పై తరగతుల్లో ఖాళీ ఉంటేనే సీటు. ఉంటున్న చిరునామాకి రుజువు కూడా కావాలి. ఆలస్యమైతే సీటు పోతుందేమోనని కంగారు. (తీరా ఆ ఏడాది సీటు రానేలేదు. అది వేరే కథ.)

ఏప్రిల్ చివర్లో ఊరెళ్లి సామాను లారీకెక్కించి తిరుపతిలో దిగాం. ఇరుకు సందు, మిట్టమధ్యాహ్నం. వెనక ఆటోలు ఆగిపోయి హారన్లు. నా పేరూ నంబరూ తెల్ల పెయింట్‌తో రాసిన నల్ల ట్రంకుపెట్టెలు రోడ్డు మీద. ఎండకి పాప ఏడుపు. సరిగ్గా అప్పుడు ఓనర్ అగ్రిమెంట్ పట్టుకొచ్చాడు. వంద రూపాయల స్టాంపు కాగితం, దాని వెనక రెండు తెల్ల కాగితాలు. “ఊరికే ఫార్మాలిటీ సార్.” అడ్వాన్స్‌లో మిగతా 40,000 ఇచ్చి సంతకాలు పెట్టేశాను. 11 నెలలని ఉండటం చూశాను. అది మామూలే, అద్దె అగ్రిమెంట్లు చాలామంది 11 నెలలకే రాసుకుంటారు. మూడో కాగితం చదవలేదు. మందుపాతరల బోర్డు చదవకుండా అడుగు తీసి అడుగు వేయని మనిషిని, అంత ఎండలో ఆ కాగితం మాత్రం తిప్పలేకపోయాను.

ఆ రాత్రి మా ఆవిడ బెడ్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి పిలిచింది. “ఇది చూశారా?” తలుపుకి బయటివైపు, కంటి ఎత్తున నాలుగు స్క్రూ రంధ్రాలు. వాటి మధ్య రేకు ఉన్నంత మేర పాత రంగు, అందులో లీలగా 102. పక్క గది తలుపు మీద 103. రెండు గదులకీ బయటి నుంచి తాళం వేసే గడియలు. అల్మరా తలుపు లోపల అంటించి పీకేసిన కాగితంలో “చెక్ అవుట్” అన్నంత వరకు మిగిలి ఉంది. బ్రోకర్ వీడియోలో ప్రతి గదిలోకీ వెళ్లాకే ఫోన్ తిప్పాడు. ఒక్క తలుపు కూడా మూసి చూపించలేదు. నేను అడగలేదు కూడా. తలుపు మూసి చూపించమని ఎవరడుగుతారు?

ఆ బిల్డింగ్ బోర్డు లేని లాడ్జి. పై రెండంతస్తుల్లో గదులు యాత్రికులకి రోజువారీ అద్దెకి ఇస్తారు. కింద మాత్రం నెల అద్దెకి మార్చారు, పైపైన. మూడో రోజు రాత్రి రెండున్నరకి తలుపు దబదబా కొట్టారు. తీస్తే ఒక కుటుంబం. గుండ్ల మీద చందనం, చేతుల్లో లడ్డూ సంచులు, ఒకావిడ భుజాన నిద్రపోతున్న పిల్లాడు. “స్వామీ, 102 ఇదే కదా?” పాపం వాళ్ల తప్పేముంది, పోయిన ఏడాది వచ్చినప్పుడు మా బెడ్‌రూమ్‌లోనే దిగారట. ఆ తర్వాత మూడు నెలల్లో అలాంటి తలుపు చప్పుళ్లు ఎన్నో లెక్కపెట్టడం మానేశాను.

నిద్ర సంగతి ఎలాగోలా సర్దుకోవచ్చు, ఫీల్డ్‌లో అలవాటే. నీళ్లతోనే నరకం. శ్రీనివాసం, విష్ణు నివాసం, భూదేవి కాంప్లెక్స్‌లలో సర్వదర్శనం టోకెన్ల కోసం జనం చీకటితోనే లైన్లో నిలబడాలి. అందుకని పైన మూడింటికే స్నానాలు మొదలు. మేం లేచేసరికి సంపు ఖాళీ. మా సందుకి మున్సిపల్ నీళ్లు రోజు విడిచి రోజు. ఓనర్ ట్యాంకర్ తెప్పించి, మూడంతస్తులు కాబట్టి మూడో వంతు మీది అని మా బిల్లులో వేసేవాడు. ముగ్గురున్న ఇంటికీ, రోజుకో గుంపు దిగే రెండంతస్తులకీ అదే లెక్క.

కరెంటూ అంతే. మాకు విడిగా మీటర్ ఉందన్నారు. ఉంది, కానీ అది సబ్ మీటర్, యూనిట్‌కి పది రూపాయలు ఓనర్ చేతిలో పెట్టాలి. మే నెలలో 110 యూనిట్లకి 1,100 కట్టాను. ఇంటికి సొంత కరెంటు సర్వీసు ఉంటే మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, ఆపైన 125 దాకా 4.50 లెక్కన 350 రూపాయలు అయ్యేది. సర్దుబాటు ఛార్జీలూ సుంకాలూ వేసుకున్నా నేను కట్టినంత కాదు. మీరు ఇల్లు చూసేటప్పుడు మీటర్ ఫొటో అడగొద్దు, పోయిన నెల కరెంటు బిల్లు అడగండి. సర్వీసు నంబరుతో బిల్లు చూపించలేకపోతే అది సబ్ మీటరే అనుకోండి.

ఇంకో ముచ్చట. ఇల్లు ఇచ్చేముందు మా ఇంటిపేరు, ఊరు, గోత్రం దాకా ఆరా తీశారు. చేపలు వండకూడదని మాత్రం చెప్పలేదు. మొదటి ఆదివారం పులుసు పొయ్యి మీద ఉండగా ఓనర్ భార్య వచ్చి, “పైన స్వాములు ఉండారు కదమ్మా” అంది. శ్రీకాకుళం వాళ్లకి ఆ మాట చెప్పడమంటే ఎంత కష్టమో పాపం ఆవిడకి తెలియదు.

ఆగస్టులో ఖాళీ చేస్తామన్నప్పుడు మూడో కాగితం బయటికొచ్చింది. “గడువుకు ముందు ఖాళీ చేసిన యెడల రెండు నెలల అద్దె, రంగుల ఖర్చు అడ్వాన్స్ నుండి మినహాయించుకొనబడును.” కింద నా సంతకం, బ్రోకర్ సాక్షి సంతకం. రెండు నెలల అద్దె 22,000, రంగులకి 8,000, నేనెప్పుడూ ముట్టుకోని మోటారు రిపేరుకి 2,000 కోశారు. మిగిలిన 18,000 రెండు విడతలుగా, ఇరవై ఫోన్ల తర్వాత వచ్చింది. బ్రోకర్ కమీషన్ ఒక నెల అద్దె 11,000, మళ్లీ సామాను మార్చడానికి 6,500. కూడుకోండి.

రెండో ఇంటి వేటలో కూడా ఇంకో గోతి అంచు దాకా వెళ్లి ఆగాను. ఎం.ఆర్.పల్లె పక్క విడి ఇల్లు, 8,500, సొంత మీటరు, మంచి నీళ్లు. కొత్తగా రంగులేసి ముద్దుగా ఉంది. అయితే ఈసారి వంగి చూడటం నేర్చుకున్నాను. మోకాలి ఎత్తు దాకా గోడ పొక్కులు పొక్కులుగా, కిటికీ ఊచలు కింద భాగంలో మాత్రం తుప్పు. వీధి చివర కిరాణా కొట్టు అక్కని అడిగితే, “2021లో మా ఫ్రిజ్ తేలింది సార్, మూడు రోజులు మిద్దె మీదనే ఉంటిమి” అంది. ఆ నవంబర్ 18, 19 తేదీల్లో కొండ మీద కురిసిన వానకి పేరూరు చెరువు వైపు నుంచి నీళ్లు వచ్చి పడ్డాయి. శ్రీకృష్ణానగర్‌లో భూమిలో పాతిన సిమెంటు రింగుల నీళ్ల ట్యాంకు అంతెత్తున పైకి లేచిందంటే ఎంత నీరు చేరిందో ఊహించుకోండి. దానికి నెల ముందు వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో కారు మునిగి ఒక ప్రాణం పోయింది. ఆఫీసుకి వెళ్లే దారిలో ఆ బ్రిడ్జి ఉంటే వాన రోజు వేరే దారి ఏదో ముందే తెలుసుకుని పెట్టుకోండి.

మనం పిల్లల బడి చూసుకుని ఏప్రిల్, మే నెలల్లో ఫ్యామిలీని మారుస్తాం. అప్పుడు తిరుపతిలో ఏ కాలనీ చూసినా ఎండి బీటలు వారి ఉంటుంది. ఇక్కడ అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య. కాబట్టి ఓనర్‌ని అడగొద్దు, బ్రోకర్‌ని అసలే అడగొద్దు. కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, పాలవాళ్లని అడగండి, 2021 నవంబర్‌లో నీళ్లు ఎంతదాకా వచ్చాయని. చేత్తో తొడ దగ్గర పెట్టి చూపిస్తారు. చిత్తూరు వచ్చేవాళ్లకి ఈ యాత్రికుల గొడవ తక్కువ, అక్కడ ముందు అడగాల్సింది ఎండాకాలం బోరు సంగతి.

నేను చేయాల్సి ఉండీ చేయని పని ఒకటుంది. నేను ఎవరి స్థానంలోకి వస్తున్నానో ఆ హవల్దార్‌కి ఒక్క ఫోన్ చేసి ఉంటే, ఆయన ఖాళీ చేస్తున్న ఇల్లే నాకు దొరికేది. సొంత మీటరు, సొంత సంపు, పది నిమిషాల్లో ఆఫీసు. నేను టోకెన్ పంపిన వారానికి ఆ ఇల్లు ఎవరో లెక్చరర్ తీసుకున్నారట. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. మీరు మాత్రం ఆర్డర్ రాగానే ముందు ఆ ఫోన్ చేయండి. ఇల్లు కుదరకపోతే ఒక్కరే వచ్చి జాయినవ్వండి, నెల రోజులు ఎవరి గదిలోనైనా సర్దుకోండి, రాత్రి పదకొండుకి ఒకసారి, తెల్లవారి నాలుగింటికి ఒకసారి మీరు చూసిన ఇంటి సందులో నడవండి. ఆ తర్వాతే ట్రంకుపెట్టెలు.

ఇప్పుడు మంగళం వైపు రెండో అంతస్తులో ఉంటున్నాం. ఆఫీసుకి దూరమే. ఓనర్ రిటైర్డ్ టీచర్. పోస్టింగ్ ఆర్డర్ వస్తే ఒక నెల నోటీసుతో, అడ్వాన్స్‌లో కోత లేకుండా ఖాళీ చేయవచ్చని ఒక లైను రాయమని అడిగాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని తన చేత్తోనే రాసి సంతకం చేశారు. అడిగితే రాస్తారు. నేను మొదటిసారి అడగనే లేదు.

పేర్లు చెప్పను, ఓనర్‌దీ బ్రోకర్‌దీ. కానీ పోయిన వారం ఆ ఇంటి ప్రకటన మళ్లీ కనిపించింది. అద్దె 12,500, “కొత్తగా రంగులు వేసిన ఇల్లు, ఉద్యోగస్తుల ఫ్యామిలీకి మాత్రమే.” మూడో ఫొటోలో పూజగది పక్క గోడని పెద్దది చేసి చూడండి. కింద, స్విచ్‌బోర్డుకి ఎడమవైపు, మా పాప పెన్సిల్‌తో గీసిన నెమలి ఉంటుంది. తోక కొంచెం వంకర.