ఇటలీ బూట్లు: కొనే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి

ఇటలీ చేతిపని బూటును చేతిలోకి తీసుకోగానే చూపు తోలు రంగు మీదే నిలుస్తుంది. రంగు నిజంగానే బాగుంటుంది. అయితే ఆ బూటు ఎన్నేళ్లు నిలుస్తుంది, వానకు తట్టుకుంటుందా, అరిగాక కొత్త సోల్ వేయించుకోవచ్చా అన్నవి తేల్చేది పైతోలునూ సోల్‌నూ కలిపే కుట్టు. అందుకే ఇక్కడ మార్కులు వేస్తున్నది కుట్టుకే.

తొడుక్కున్న క్షణాన సుఖంలో మొదటి స్థానం బొలోన్యా కుట్టుది. సక్కెత్తో అనే పేరుతో కూడా అమ్ముతారు. ఇందులో లోపలి తోలును సంచీలా కుట్టి పాదం ఆకారపు అచ్చుకు తొడుగుతారు. పాదం ముందు సగం కింద గట్టి ఇన్‌సోల్ (పాదం ఆనే లోపలి అడుగు) ఉండదు, ఆ సంచీ తోలే పాదాన్ని చుట్టుకుని ఉంటుంది. దాని మీద పైతోలు లాగి బిగించి, అడుగున సోల్ పెట్టి అన్నిటినీ కలిపి కుట్టేస్తారు. మడమ వైపు మాత్రం మామూలు ఇన్‌సోలే. కొత్త బూటు కూడా మొదటి రోజు నుంచే వేళ్ల దగ్గర హాయిగా వంగుతుంది.

ఆ మెత్తదనానికి మూల్యం లేకపోలేదు. ఇన్‌సోల్ లేనిచోట ఊతం తక్కువ కాబట్టి, రోజంతా రాతి నేల మీద నిలబడే పని ఉన్నవాళ్లకు, అరికాలు చదునుగా ఉన్నవాళ్లకు ఇది నప్పదు. సంచీ తోలు వెడల్పుకు సాగుతుంది. దుకాణంలో వదులుగా, సుఖంగా అనిపించిన జత కొన్నాళ్లకు జారుతుంది, కాబట్టి కాస్త బిగుతుగా ఉన్నదే తీసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు సోల్ మార్చే దగ్గర. పాత సోల్ విప్పగానే సంచీ ఆకారం తప్పుతుంది. దాన్ని మొదట వాడిన అచ్చుకే ఎక్కించి కుట్టాలి, అంటే బూటు చేసినవాళ్ల దగ్గరికే పంపాలి. ఆ ఏర్పాటు ఉందో లేదో కొనేటప్పుడే అడగండి.

ఇటలీలో ఎక్కువగా కనిపించేది బ్లేక్ కుట్టు. ఇది చేతి కుట్టు కాదు. అమెరికన్ లైమన్ బ్లేక్ 1858లో పేటెంట్ తీసుకున్న యంత్రం నుంచి వచ్చింది. యంత్రపు చెయ్యి బూటు లోపలికి దూరి ఇన్‌సోల్, పైతోలు అంచు, సోల్ మూడింటినీ ఒకే దారంతో గొలుసు కుట్టు వేస్తుంది. బయట వెల్ట్ (పైతోలునూ సోల్‌నూ కలపడానికి అంచు చుట్టూ కుట్టే తోలు పట్టీ) అక్కర్లేదు కాబట్టి సోల్ అంచును పాదానికి దగ్గరగా కోయవచ్చు. ఇటలీ బూటుకు పేరు తెచ్చిన ఆ సన్నని నడుము (అరికాలి వంపు కింద సోల్ భాగం) చాలావరకు ఈ కుట్టు పుణ్యమే. లోపాలూ అక్కడి నుంచే వస్తాయి. కుట్టు లోపలిదాకా వెళ్తుంది గనక తడి నేల మీద నడిస్తే దారం వెంట నీరు పైకి పాకుతుంది. గొలుసు కుట్టు ఒకచోట తెగితే మిగతాదీ వదులవుతుంది. సోల్ మార్చిన ప్రతిసారీ ఇన్‌సోల్‌కు కొత్త రంధ్రాలు పడతాయి. వాటి మధ్య దూరం తగ్గేకొద్దీ ఇన్‌సోల్ ఆ గీత వెంట చిరుగుతుంది.

గుర్తుపట్టడం తేలిక. బూటు ముందు భాగంలోకి చెయ్యి పోనిచ్చి అంచు వెంట తడమండి. కుట్టు వరస వేలికి తగిలితే అది బ్లేక్ గానీ బొలోన్యా గానీ. బయట అంచు మీద అందమైన కుట్లు కనిపిస్తూ లోపల కూడా వరస తగిలితే అనుమానించాలి. పైన ఉన్నది అతికించిన అలంకారపు వెల్ట్ కావచ్చు, బ్లేక్ రాపిడ్ కూడా కావచ్చు. రాపిడ్‌లో ముందు నడిమి సోల్‌ను లోపలి నుంచి కుట్టి, దానికి బయటి సోల్‌ను వేరే కుట్టుతో కలుపుతారు. సోల్ మార్చేటప్పుడు లోపలి కుట్టు జోలికి పోనక్కర్లేదు. రోజువారీ వాడకానికి, పెట్టిన డబ్బుకు ఇదే గిట్టుబాటని మా అభిప్రాయం.

అసలు చేతి కుట్టు చూడాలంటే చేతి వెల్ట్ దగ్గరికి రావాలి. మందపాటి ఇన్‌సోల్ తోలులోనే కత్తితో గాడి చెక్కి, ఆరెతో రంధ్రం చేసి, మైనం పట్టించిన నార దారంతో పైతోలును, వెల్ట్‌ను ఒక్కో కుట్టుగా బిగిస్తారు. ఫ్యాక్టరీలో యంత్రంతో కుట్టే గుడ్‌ఇయర్ వెల్ట్‌లో ఆ గాడి స్థానంలో గుడ్డ పట్టీ అతికిస్తారు. ఆ జిగురు వదిలితే లోపల అంతా కదిలిపోతుంది. చేతి వెల్ట్‌లో ఆ బెడద లేదు. బొలోన్యా నగరంలో 1963లో మొదలైన ఎంజో బొనఫే కుటుంబ కార్ఖానా ఈ పనికి పేరుపొందింది. పైతోలును బయటికి మడిచి, కనబడేలా వరసలు కుట్టే నార్వెజేజె పద్ధతి తడికి ఇంకా బాగా ఆగుతుంది. కానీ బరువు, బిరుసు రెండూ ఎక్కువ. సూటు కింద మోటుగా కనిపిస్తుంది.

"కుటుంబ కళ" అన్న మాట గురించి కొంచెం. ఒకే ఇంట్లో తాత కోసి, తండ్రి కుట్టి, మనవడు పాలిష్ పెట్టే బొమ్మ ప్రకటనలకే బాగుంటుంది. ఇటలీలోని మార్కె ప్రాంతంలో, ఫెర్మో, మచెరాతా జిల్లాల చుట్టూ, మోంతెగ్రనారో లాంటి ఊళ్లలో పని చిన్న చిన్న కుటుంబ సంస్థల మధ్య పంచుకుని సాగుతుంది. ఒకరు తోలు కోస్తారు, ఇంకొకరు పైభాగం కుడతారు, సోళ్లు ఒకచోట, మడమలు మరొకచోట. బూటు బిగించి ముగించే పని చివరి కార్ఖానాది. ఇది లోపమేమీ కాదు. జీవితమంతా ఒకే పని చేసిన చెయ్యి తప్పు తక్కువ చేస్తుంది. కాకపోతే "అంతా మా ఇంట్లోనే" అని చెప్పే దుకాణాన్ని ఏ పని ఎక్కడ జరుగుతుందని అడగడంలో తప్పులేదు.

లేబుల్ కూడా జాగ్రత్తగా చదవాలి. ఉత్త "మేడ్ ఇన్ ఇటలీ" అంటే చివరి ముఖ్యమైన తయారీ దశ అక్కడ జరిగిందని మాత్రమే. 2009 నాటి 166వ చట్టం ప్రకారం "100 శాతం" అని రాయాలంటే డిజైన్, ప్రణాళిక, తయారీ, ప్యాకింగ్ అన్నీ ఇటలీలోనే జరగాలి. ఐరోపా నిబంధన ప్రకారం వేసే గుర్తుల్లో తోలు ఆకారం ఉంటే అసలు తోలు, దాని మధ్యలో వజ్రం గుర్తు ఉంటే పైన పూత వేసిన తోలు, వట్టి వజ్రం ఉంటే ఇతర పదార్థం. పైభాగానికీ, లోపలికీ, సోల్‌కూ వేర్వేరు గుర్తులుంటాయి, మూడూ చూడండి.

కొలత విషయంలో ఐరోపా నంబర్లలో ఒక్కో అంకెకు తేడా సుమారు 6.67 మిల్లీమీటర్లు. బూటు కొత్తగా ఉన్నప్పుడు లేసు కట్టాక రెండు రెక్కల మధ్య సెంటీమీటరు వరకు ఎడం మిగలాలి. అప్పుడే కలిసిపోతే తోలు సాగాక బిగించడానికి చోటుండదు. మడమ కాస్త లేవడం పర్వాలేదు, సోల్ వంగడం మొదలైతే అది తగ్గుతుంది. వేళ్ల మొదళ్ల దగ్గర నొక్కితే మాత్రం వదిలేయండి, పొడవు పెంచినా అది సరికాదు.

ఇంటికొచ్చాక ఒక జతను వరసగా రెండు రోజులు తొడగవద్దు. చెమట ఆరేలోపు చెక్క అచ్చు పెట్టి ఉంచాలి. తడిసిన తోలు సోల్‌ను పక్కకు వాల్చి గాలికే ఆరనివ్వాలి. హీటర్ దగ్గర పెడితే తోలు పీచు ముడుచుకుపోయి సోల్ పగులుతుంది. చేతితో రంగు వేసిన పటీనా బూట్లకు ఇంకో జాగ్రత్త కావాలి. ఆ రంగు పై పొరలోనే ఉంటుంది. సాల్వెంట్ కలిసిన క్లీనర్ తగిలితే గుడ్డకు రంగు వచ్చేస్తుంది, కాబట్టి ముందు బూటు నాలుక కింద, కనిపించని చోట ఒక చుక్క రాసి చూడాలి.