నిక్స్‌విమ్‌తో రెండేళ్లు: నా ఎడిటర్ మిర్యాలగూడలో తెరుచుకున్న రోజు

పోయిన వానాకాలం నల్గొండలో పిడుగు పడ్డ రాత్రి నా ల్యాప్‌టాప్ కాలిపోయింది. ఛార్జింగ్ పెట్టి పండుకున్న. తెల్లారితే సోమవారం, పని ఆగేది కాదు. నేను కోడ్ రాసేది నియోవిమ్ అనే ఎడిటర్‌లో. దాని సెట్టింగులన్నీ నిక్స్‌విమ్ అనే పనిముట్టుతో నిక్స్ భాషలో రాసి గిట్‌లో పెట్టుకున్న. పొద్దున్నే మిర్యాలగూడ పోయి మా బామ్మర్ది పాత లినక్స్ ల్యాప్‌టాప్ అడిగిన. "తీస్కో బావా, నా సెట్టింగులు మాత్రం ముట్టుకోకు" అన్నడు.

నిక్స్ అనే ప్యాకేజీ మేనేజర్ ఎక్కించి, ఫ్లేక్స్ (ఏమేం కావాలో, ఏ వెర్షన్ కావాలో రాసిపెట్టే నిక్స్ పద్ధతి) ఆన్ చేసే ఒక్క వరుస రాసి (అవి ఇంకా ప్రయోగాత్మకం కిందనే ఉన్నయి), 'నిక్స్ రన్' పక్కన నా గిట్ చిరునామా కొట్టిన. నా నియోవిమే తెరుచుకుంది! స్పేస్ నొక్కితే నా మెనూ, అవే రంగులు. పైథాన్ ఫైలు తెరిస్తే తప్పున్న చోట ఎర్రగీత. ఆ ల్యాప్‌టాప్‌లో లాంగ్వేజ్ సర్వర్ (కోడ్‌లో తప్పులు చూపే ప్రోగ్రామ్) గానీ రిప్‌గ్రెప్ (ఫైళ్లలో వెతికే పనిముట్టు) గానీ ఎన్నడూ వేసింది లేదు, అన్నీ నా మూటలోనే వచ్చినయి. బామ్మర్ది ఎడిటర్ తెరిస్తే వాడిది వాడికి అట్లనే ఉంది.

ఇదంతా లాక్ ఫైలు (ఏది ఏ వెర్షనో రాసి ఉంచే ఫైలు) పుణ్యం. అంతకుముందు లేజీ డాట్ ఎన్‌విమ్ అనే ప్లగిన్ మేనేజర్ వాడినప్పుడు కూడా లాక్ ఫైలు ఉండె, కానీ అది ప్లగిన్ల కమిట్ల (గిట్‌లోని ఫలానా వెర్షన్ల) వరకే. నియోవిమ్ ఏ వెర్షనో, పార్సర్లు (కోడ్‌ను చదివి అర్థం చేసుకునే భాగాలు) కట్టే సీ కంపైలర్ ఉందో లేదో, అది ఆ మిషన్ దయ. ఫ్లేక్ లాక్‌లో నిక్స్‌ప్యాకేజెస్ (నిక్స్ ప్యాకేజీల భండారం) ఏ కమిటో, వేలిముద్ర లాంటి హ్యాష్‌తో సహా రాసి ఉంటది. నేను అప్‌డేట్ చేస్తే తప్ప ఏదీ కదలదు.

ఒక్క ఆదేశంతోనే వచ్చింది గానీ, ఆ రోజు ఫోన్ హాట్‌స్పాట్ మీద డౌన్‌లోడ్‌కే ముప్పావు గంట పట్టింది. పాత బిల్డులు కూడా స్టోర్‌లో (నిక్స్ అన్నీ దాచే ఫోల్డర్‌లో) పేరుకుపోతయి, అప్పుడప్పుడు ఊడ్చాలె.

నన్ను బాగా సతాయించింది ఇంకోటి. కొత్త ఫైలు రాసి బిల్డ్ కొడితే, ఆ ఫైలే లేదని స్టోర్‌లోని ఇంత పొడుగు దారి చూపించి ఆగిపోయింది. ఫైలేమో కళ్ల ముందే ఉంది. సాయంత్రమంతా స్పెల్లింగులు వెతికిన. గిట్ రిపోలో ఉన్న ఫ్లేక్‌కు గిట్ ఎరిగిన ఫైళ్లే కనిపిస్తయట. 'గిట్ యాడ్' కొట్టంగనే అయిపోయింది.

ఒక్క కీ మార్చినా మళ్లీ బిల్డ్ చేయాలె. నా సెట్టింగులు ఇప్పుడు నెలకొకసారి మారితే ఎక్కువ, అందుకే నాకు నడుస్తుంది. బామ్మర్దికి మాత్రం వేసుకొమ్మని చెప్పలే. వాడిది రోజుకో కొత్త ప్లగిన్ వేసి చూసే అలవాటు.