కాఠ్మాండూ ప్యాకేజీ బుక్ చేసే ముందు ఒక్కసారి ఇది చదవండి

పోయిన కార్తీకంలో అమ్మనీ పిన్నినీ తీసుకుని కాఠ్మాండూ వెళ్లొచ్చాను. పశుపతినాథుణ్ని చూడాలన్నది అమ్మకు ఎన్నో ఏళ్ల కోరిక. ఆ దర్శనం బాగానే జరిగింది. మిగతా కాఠ్మాండూ లోయ చూడటంలోనే దెబ్బతిన్నాం. ట్రావెల్స్ పేరు రాయడం లేదు, ఎవరి దగ్గర బుక్ చేసినా జాగ్రత్త పడాల్సిన విషయాలు ఇవే.

వాళ్లిచ్చిన కాగితంలో "రెండో రోజు: స్వయంభూ, పాటన్, భక్తపూర్ సైట్ సీయింగ్" అని ఉంది. స్వయంభూ అంటే కొండ మీది బౌద్ధ స్తూపం, పాటన్, భక్తపూర్ ఆ లోయలోనే ఉన్న పాత రాజధానులు. పాటన్‌లో బస్సు మెయిన్ రోడ్డు మీద ఆపి ఇరవై నిమిషాలు టైమిచ్చారు. పాత రాజభవనం ముందున్న దర్బార్ స్క్వేర్‌కి నడిచేసరికే సగం అయిపోయింది. అక్కడ 1637లో సిద్ధినరసింహ మల్ల కట్టించిన కృష్ణ మందిరం ఉంది, అంతా రాయే. మొదటి అంతస్తు చుట్టూ భారతం, రెండో అంతస్తు చుట్టూ రామాయణం చెక్కి ఉంటాయి. అమ్మ తలెత్తి "విల్లు పట్టుకున్నది అర్జునుడేనంటావా?" అని అడుగుతుండగానే మేనేజర్ ఫోన్. "మేడమ్, అందరూ బస్సెక్కేశారు."

తర్వాత భక్తపూర్ లేదన్నారు, ట్రాఫిక్ అట. రుద్రాక్షల షాపులో మాత్రం గంటా యాభై నిమిషాలు కూర్చోబెట్టారు. వాచీ చూసి మరీ చెబుతున్నాను.

షాపులో టీ ఇచ్చి, రెండు రాగి నాణేల మధ్య రుద్రాక్ష పెట్టి తిరుగుతోంది చూడండన్నారు. నీళ్లలో వేసి మునిగింది చూడండన్నారు. దయచేసి ఈ రెండూ నమ్మకండి. గరుకుగా ఉన్న ఏ గింజైనా నాణేల మధ్య నొక్కితే తిరుగుతుంది. బాగా ఎండిన అసలు రుద్రాక్ష తేలొచ్చు, లోపల సీసం పెట్టిన నకిలీది మునగొచ్చు. పిన్ని గౌరీశంకర రుద్రాక్ష కొంది, అంటే పుట్టుకతోనే రెండు గింజలు కలిసి ఉండేది. ఇంటికొచ్చాక పూజకు ముందు శుద్ధి చేద్దామని రాత్రంతా నీళ్లలో నానబెట్టింది. పొద్దున చూస్తే గిన్నెలో రెండు గింజలు విడివిడిగా ఉన్నాయి. అతుకు దగ్గర పసుపు రంగు జిగురు, గోటితో గీకితే పొరలా లేచింది. పిన్ని ఏడ్చేసింది.

షాపులో ఆ రుద్రాక్ష ధర చీటీ మీద 6,400 అని మాత్రమే ఉంది. నేపాలీ రూపాయలేమో, మన లెక్కలో నాలుగు వేలు అనుకున్నాం. బిల్లు దగ్గర "ఐసీ" అన్నారు. అక్కడ ఐసీ అంటే ఇండియన్ కరెన్సీ, ఎన్‌సీ అంటే నేపాలీ కరెన్సీ. మన 100 రూపాయలకు వాళ్లవి 160, ఇది ఫిక్స్‌డ్ రేటు. టాక్సీ అయినా శాలువా అయినా, బేరం మొదలెట్టకముందే "ఐసీయా, ఎన్‌సీయా?" అని అడగండి. మొహమాటపడి మేం 2,400 ఎక్కువ కట్టాం.

మూడో రోజు కూడా షాపింగే అంటే గ్రూపు వదిలేసి టాక్సీలో భక్తపూర్ వెళ్లాం. పదమూడు కిలోమీటర్లు, అంతే! 1702లో కట్టిన ఐదంతస్తుల న్యాతపోల గుడి అక్కడే ఉంది. మెట్లకు రెండు వైపులా జంట విగ్రహాలు: కింద మల్లయోధులు, వాళ్ల పైన ఏనుగులు, ఆ పైన సింహాలు. ఒక్కో జంట తన కింది జంటకంటే పది రెట్లు బలమైనదని చెబుతారు. అమ్మ మోకాళ్ల నొప్పి మర్చిపోయి పైదాకా ఎక్కింది. కింద మట్టి మూకుళ్లలో జూజూ ధౌ తిన్నాం. గేదెపాలతో తోడేసిన తియ్యటి పెరుగు, మూకుడు వంచినా జారనంత గట్టిది. చతామరి మన బియ్యప్పిండి అట్టులా ఉంది. మినప్పప్పుతో చేసే బారా అయితే అచ్చం దిబ్బరొట్టె రుచే. ఒక్క విషయం, మెనూలో "బఫ్" అంటే గేదె మాంసం. మోమోలు, బారా చెప్పేటప్పుడు వెజ్ అని గట్టిగా చెప్పండి.

తిరిగొచ్చాక భక్తపూర్ డబ్బులు అడిగితే "సైట్ సీయింగ్ అంటే బస్సులోంచి చూపించడమే మేడమ్" అన్నారు. అందుకే, ఒక్కో ఊళ్లో ఎన్ని గంటలు ఆపుతారు, ఎంట్రీ టికెట్లు ఎవరు కొంటారు, షాపులకు తీసుకెళ్తారా, ఏదైనా చూపించకపోతే ఎంత వెనక్కిస్తారు, ఇవన్నీ వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. రాసివ్వడానికి ఒప్పుకోకపోతే అడ్వాన్స్ కట్టకండి.