సిమెంటు రేకులు విప్పించిన రెండు రోజులు: ఒక షెడ్డు పనివారి సేవపై సమీక్ష

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో మా ఇంటి వెనుక పాత సామాను ఉంచుకునే ఒక షెడ్డు ఉన్నది. దాని మీద ఇరవై ఏళ్లు పైబడిన సిమెంటు రేకులు పన్నెండు ఉండేవి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు పక్కింటివారు ఆ షెడ్డు మీదుగానే మా మేడ పైకి చేరుకున్నారు. ఆ హడావుడిలో నాలుగు రేకులు పగిలాయి. వాటన్నింటినీ విప్పి కలర్ కోటెడ్ రేకులు వేయించడానికి నగరంలోనే ఉన్న ఒక షెడ్డు పనుల దుకాణంవారికి పని అప్పగించాను. పేరు రాయడం లేదు. బంధువుల ఇళ్లలో ఇదే పని చేసిన మరో ఇద్దరు మేస్త్రీలను కూడా నేను చూశాను; ఇక్కడ చెప్పబోయే లోపం వారిలోనూ ఉన్నది.

కొత్త పైకప్పు గురించి చెప్పవలసింది తక్కువ. వెల్డింగు గట్టిగా ఉన్నది, వాలు సరిగా ఇచ్చారు, స్క్రూల కింద రబ్బరు వాషర్లు మరచిపోలేదు, మొన్నటి వానకు ఒక్క చుక్క కూడా కారలేదు. మే నెల ఎండకు లోపల ఎంత వేడెక్కుతుందో ఇంకా చూడవలసి ఉన్నది. నేను ఈ సమీక్ష రాస్తున్నది పాత రేకులు విప్పిన తీరు గురించి.

సిమెంటు రేకు అని మనం పిలిచేదానిలో సిమెంటుతో పాటు రాతినార, అంటే ఆస్బెస్టాస్, సుమారు పదో వంతు కలిసి ఉంటుంది. మన రాష్ట్రంలో ఒకప్పుడు పులివెందుల ప్రాంతంలో తవ్వినది కూడా ఈ రేకులలో వాడే తెల్ల రకమే. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం నార సిమెంటులోనే బంధింపబడి ఉంటుంది. కోసినా, పగలగొట్టినా, డ్రిల్లు పెట్టినా కంటికి కనిపించనంత సన్నని పోగులు గాలిలోకి లేస్తాయి. అవి ఊపిరితిత్తుల లోతుకు చేరితే శరీరం వాటిని కరిగించలేదు, పూర్తిగా బయటకు నెట్టనూ లేదు. ఏళ్ల తరబడి పీల్చినవారికి ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే ఆస్బెస్టోసిస్ వస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సరు, స్వరపేటిక క్యాన్సరు, ఊపిరితిత్తులను కప్పి ఉండే పొరకు వచ్చే మెసోథెలియోమా కూడా దీనివల్ల వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సరు పరిశోధన సంస్థ ఆస్బెస్టాస్ రకాలన్నింటినీ మనుషులకు క్యాన్సరు కలిగించేవాటి మొదటి జాబితాలోనే చేర్చింది.

ఇదంతా ముందే చెప్పి, రేకులు తడిపి విప్పాలని షరతు పెట్టాను. మేస్త్రీ నవ్వి, "ముప్పై ఏళ్ల నుంచి కోస్తున్నానండీ, నాకేమైంది?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతిలో బీడీ వెలుగుతున్నది. ఈ జబ్బులు ఆ దుమ్ము పీల్చిన ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్లకు గాని బయటపడవు కనుక ముప్పై ఏళ్లు అన్న లెక్క ధైర్యానికి ఆధారం కాదు. పొగ తాగే అలవాటు తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు కూడికలా కాక హెచ్చవేతలా పెరుగుతుంది. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించడానికి కారణం ఈ ఆలస్యమే. అయితే ఆ తీర్పు ఫ్యాక్టరీలలోనివారి గురించి. రోజుకూలికి వచ్చి రేకులు కోసే కుర్రాళ్ల రికార్డు ఎవరి దగ్గర ఉంటుంది?

మొదటి రోజు పని మెచ్చుకోదగినట్టే జరిగింది. పైపుతో సన్నగా నీళ్లు చల్లి, జె బోల్టుల నట్లు విప్పి, ఒక్కొక్క రేకును ఇద్దరు పట్టుకుని నెమ్మదిగా కిందికి దించారు. ఒక్కటి కూడా పైనుంచి విసరలేదు. రెండో రోజు తుప్పు పట్టిన రెండు బోల్టులు రాకపోవడంతో, నేను బజారుకు వెళ్లిన గంటలో, గ్రైండరు తీసి బోల్టుతో పాటు రేకునూ పొడిగానే కోసేశారు. తిరిగి వచ్చేసరికి తులసికోట మీద బూడిద రంగు పొర పరచుకుని ఉన్నది, ఒక కుర్రాడు దానిని పొడి చీపురుతో ఊడుస్తున్నాడు. ముఖానికి కట్టుకున్నది తువ్వాలు. ఆ పోగులను తువ్వాలు ఆపదు, మామూలు గుడ్డ మాస్కూ ఆపదు. వారి కోసం నేనే కొని తెచ్చిన ఎన్95 మాస్కులు ఉక్కపోస్తున్నదని జేబులో పెట్టుకున్నారు.

ఒక్క రోజు దుమ్ముకు మా ఇంటివారికి పెద్ద ముప్పు ఉంటుందని నేను భయపడటం లేదు. ఈ జబ్బులు ముఖ్యంగా ఎక్కువగా, పదే పదే పీల్చినవారికి వచ్చేవి. నా అభ్యంతరం ఆ కుర్రాళ్ల తరఫున, వారి ఇళ్లలోని ఆడవారి తరఫున. ఆస్బెస్టాస్ పనివారి బట్టలు దులిపి ఉతికిన భార్యలకు సైతం మెసోథెలియోమా వచ్చిన ఉదంతాలు వైద్యశాస్త్రంలో నమోదై ఉన్నాయి. పని ముగిశాక బట్టలు తడిపి విడిగా మూట కట్టుకోమని చెబితే ఆ కుర్రాడు "సరే బాబాయ్" అని, అవే బట్టలతో బండి ఎక్కి వెళ్లిపోయాడు.

పైకప్పు పనికి అయిదులో నాలుగున్నర ఇస్తాను. పాత రేకులు విప్పినందుకు రెండుకు మించి ఇవ్వలేను. ఆ రెండూ మొదటి రోజువే. మళ్లీ వీరినే పిలుస్తానా అంటే పిలుస్తాను, గ్రైండరు తీసుకురాకూడదని ముందే కాగితం మీద రాయించుకుని. విరిగిన ముక్కలను చితక్కొట్టి ఖాళీ స్థలంలో పల్లం పూడ్చుకోవచ్చని మేస్త్రీ సలహా ఇచ్చాడు, కాదంటే కాలువ గట్టున పడేసి వస్తామన్నాడు. రెండింటికీ ఒప్పుకోక, తడిపి, మందపాటి పాలిథిన్ పట్టాలో రెండు చుట్లు చుట్టి టేపు వేయించాను. ఆ మూటలు ఈ రోజుకీ మా పెరటి గోడ పక్కనే ఉన్నాయి.