చెవి మిషన్లతో పన్నెండేళ్ల ఒపెరా: సీటు వెనక చిన్న తెర గురించి

నాకు రెండు చెవులకీ మిషన్లే. న్యూజెర్సీలో ఉంటాం, పన్నెండేళ్లుగా ఏడాదికి రెండు మూడుసార్లు న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాకి (కథంతా పాటల్లోనే నడిచే నాటకాలు ఆడే హాలు, 'మెట్' అంటారు) వెళ్తున్నాను. అక్కడ మన ముందు సీటు వెనక చిన్న తెర ఉంటుంది, బటన్ నొక్కితే పాటలోని మాటలు ఇంగ్లీషులో వస్తాయి. మెట్ టైటిల్స్ అంటారు, 1995లో పెట్టారు.

చిన్నప్పుడు పద్యనాటకానికి తీసుకెళ్లే ముందు నాన్న పద్యాలన్నీ పుస్తకంలో చదివించేవారు, లేకపోతే రాగంలో మాట నాకు అందేది కాదు. 1983లో టొరంటోలో కెనేడియన్ ఒపెరా కంపెనీ 'ఎలెక్ట్రా'కి స్టేజికి పైన, ఎత్తులో తెర మీద అక్షరాలు వేసేదాకా ఒపెరాకి వెళ్లేవాళ్లకీ పుస్తకమే దిక్కు.

ఈ తెరలో నాకు అన్నిటికన్నా నచ్చింది, ఎవరినీ అడగక్కర్లేకపోవడం. ఇటాలియన్ రానివాళ్లందరి కోసం పెట్టినది, దాంతోనే నా పనీ అయిపోతుంది. 'లా ట్రావియాటా' అనే ఒపెరా మూడో అంకంలో కథానాయిక వయొలెట్టా ఉత్తరం చదువుతుంది, పాడదు, మామూలు గొంతుతో చదువుతుంది, వెనక వయొలిన్లు మెల్లగా మోగుతుంటాయి. గట్టిగా పాడితే మిషన్ ఎలాగోలా పట్టుకుంటుంది గానీ ఈ మాటలు నాకు అస్సలు వినపడవు. ఆమె ప్రియుడు ఆల్ఫ్రెడో క్షమాపణ అడగడానికి తిరిగొస్తున్నాడని, ఆ వెంటనే ఆమె "ఆలస్యమైపోయింది" అంటుందని హాలంతటికీ తెలిసిన క్షణంలోనే నాకూ తెలిసింది. ఏడ్చేశాను.

స్టేజి పైన తెర ఉన్న హాళ్లలో మాత్రం సీటు చూసి కొనండి. ఇంకో ఊళ్లో నాకు బాల్కనీ కింద చివరి వరస వచ్చింది, కప్పు అడ్డొచ్చి అక్షరాలు సగం కనపడలేదు. నాకు ఫోన్లో మాట్లాడటం కష్టం, సీటు మార్చమని ముందే పెట్టిన ఈమెయిల్‌కి జవాబు ఆట అయిపోయిన నాలుగు రోజులకి వచ్చింది. చాలా బాధేసింది.

ఎక్కడైనా ఉన్న కొరత ఒకటుంది. ఈ తెరల మీద అక్షరాలన్నీ చెవులు బాగున్నవాళ్లని మనసులో పెట్టుకుని రాసేవి, అందుకే మాటలే ఉంటాయి. 'రిగొలెట్టో' చివరి అంకంలో నలుగురు ఒకేసారి పాడుతుంటే ఏ లైను ఎవరిదో పెదాలు చూసి పోల్చుకోవాలి. ఆ తర్వాత తుఫాను వస్తుంది. అందులో గాలి హోరు కోసం మగవాళ్ల కోరస్ స్టేజి వెనక నోరు మూసుకుని రాగం తీస్తుందట, మాటలు లేవు కాబట్టి తెర ఖాళీ. నాలుగుసార్లు చూశాను ఆ ఒపెరా, మొన్న మా అమ్మాయి చెప్పేదాకా అక్కడ గాలి ఉందని నాకు తెలియదు. "గాలి వీస్తోంది" అని ఒక్క లైను వేస్తే నాకు చాలు.